బదులు తెచ్చిన పది

మా బడిలో పోయినవాటి లెక్క ముందు చెబుతాను. గదులు రెండు, వాటి పైకప్పు మొత్తం. గోడకు పూసిన నల్లబల్లలు రెండు, అందులో ఒకటి సగమే నల్లగా ఉండేది. గంట అని మేం పిలుచుకునే ఇనుప ముక్క ఒకటి. కుర్చీ ఒకటి. చెక్కపెట్టె ఒకటి, ఆ పెట్టెలో మా ఊరు లేని దేశపటం ఒకటి. ఆఖరి సంవత్సరం హాజరులో ఉన్న పిల్లలు ముప్పై నలుగురు. అడవిలో తుపాకుల పోరు ముదిరి ఊళ్ళో భయం పెరిగిన ఆ రోజుల్లో వాళ్ళలో సగం మంది అమ్మానాన్నల వెంట నది దాటి మిరపచేలకు కూలికి పోయారు, మిగతావాళ్ళను దూరంగా హాస్టళ్ళలో చేర్చారు. గురూజీ ఒకరు. ఆయన్ని ఈ వరసలో వేయాలా, విడిగా వేయాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ పొద్దున చింతపండు కొట్టి, గింజలు వేరుచేసి చాటలో పోస్తుంటే గలగలమని చప్పుడైంది. గురూజీ నడిచి వస్తుంటే సరిగ్గా అదే చప్పుడు. చొక్కా ఎడమ జేబు నిండా చింతగింజలు వేసుకుని తిరిగేవారు ఆయన. మనిషి మలుపు తిరగకముందే జేబు వినిపించేది. గోడ ఎక్కిన పిల్లలు దిగి కూర్చోవడానికి ఆ చప్పుడు సరిపోయేది. చాట పక్కన పెట్టాను. ఆయన్ని చూడని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలని అప్పుడే అనిపించింది.

మాది సుక్మా జిల్లాలో మరైగూడకు ఇవతల అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లి, సంతలో గోండి, హిందీ కలిసిన మాట. బడి పుస్తకంలో మాత్రం అచ్చమైన హిందీ. రాజయ్య గురూజీ ఇంటిమాట తెలుగే. అందుకని ఆయన పుస్తకాన్ని చదివి, ఆ వెంటనే మా మాటలోకి దించేవారు. దించేటప్పుడు ఒక్కొక్క మాట దగ్గర ఆగి, పైకప్పు వంక చూసి, తగిన మాట దొరికాక నవ్వేవారు. ఐదు తరగతులకూ ఆయనొక్కరే. మనిషి పొట్టి. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది.

లెక్క చేసి జవాబు చెబితే ఆయనకు చాలేది కాదు. "ఊరు చేరినవ్, సరే. ఏ బాటన పోయినవ్?" అని అడిగేవారు. ఒకరోజు ఇరవై ఏడుకూ పదహారుకూ కూడిక ఇచ్చారు. నా పక్కన కూర్చునే భీమా అందరికంటే ముందు నలభై మూడు అన్నాడు. వాడి ఇంట్లో మక్కకంకులు పుంజీల్లో లెక్కపెట్టేవారు. పుంజీ అంటే నాలుగు.

"ఎట్ల పోయినవ్ రా?"

"పదహారు అంటే నాలుగు పుంజీలు గురూజీ. ఇరవై ఏడు అంటే ఆరు పుంజీల మీద మూడు. అంతా కలిపి పది పుంజీల మీద మూడు. పది పుంజీలు నలభై."

గురూజీ కాసేపు వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ సరిచూసుకున్నారు. "నేను రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే, వీడు చేన్ల పడి అడ్డంగా పోయి నాకంటే ముందు ఊరు చేరిండు" అన్నారు. భీమా ఆ రోజంతా తల ఎగరేస్తూ తిరిగాడు.

ఆవు మీద వ్యాసం కూడా అంతే. పుస్తకంలో అది నాలుగు వాక్యాలు, బట్టీ పట్టాలి. ఆయన ఆ నాలుగూ చదివించి పుస్తకం మూయించారు. "ఇది పుస్తకం ఆవు. ఇప్పుడు మీ ఇంటి ఆవు సంగతి చెప్పండి" అన్నారు. మా ఆవు మేనమామను తప్ప ఎవరినీ తన్నదని ఒకడు, మా ఆవు పాలివ్వదు కానీ అమ్మేస్తామంటే ఏడుస్తుందని ఒకతె. మా ఇంట్లో ఆవు లేదు. "లేని ఆవు సంగతే చెప్పు" అన్నారు నాతో. దాని పగ్గం ఎంత పొడుగు, రోజుకు ఎంత మేత, ఏడాదికి ఎన్ని పేడతట్టలు అన్నీ లెక్కగట్టి చెప్పాను. "నీ ఆవుకు తోక మర్సినవ్ గానీ లెక్క మర్వలే" అని నవ్వారు. నాలో ఏదో ఒకటి పనికొచ్చేది ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

నాలుగో తరగతిలో తీసివేతలు వచ్చాయి. పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె ఉంటే పక్క అంకె దగ్గర పది తీసుకోవాలి కదా. హిందీ పుస్తకంలో దానికి ఉధార్, అంటే అప్పు, అని ఉంది. ఉధార్ మా ఊళ్ళో దుకాణం మాట. పిల్లలకు అది పట్టదని గురూజీ పైకప్పు వంక చూసి, "పక్కింటి నుంచి ఒక పది బదులు తెచ్చుకో" అన్నారు. బదులు అంటే మాకు బాగా తెలుసు. ఉప్పు, నూకలు, నిప్పు, అన్నీ బదులు తెచ్చుకునే ఇళ్ళే మావి. బదులు తెచ్చినది తిరిగి ఇవ్వాలి. తెచ్చిన కొలత కంటే తిరిగిచ్చే కొలత పిడికెడు ఎక్కువ ఉండాలని మా అమ్మ నియమం.

యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది. అందరూ పద్నాలుగు అన్నారు. నేను ఇరవై నాలుగు అన్నాను. ఆ రోజు భీమా నవ్విన నవ్వు గోడ అవతలికి వినిపించింది.

"ఆగరా. ఏందే కన్నమ్మా, ఏ బాటన పోయినవ్?"

"రెండులకెల్లి ఎనిమిది పోదు గురూజీ. ఐదు దగ్గర పది బదులు తెచ్చిన. పన్నెండుల ఎనిమిది పోతే నాలుగు."

"మంచిగుంది. ఐదు ఎంతైంది మరి?"

"నాలుగైంది. మళ్ళ ఐదు చేసిన."

"ఎందుకు?"

"బదులు తెచ్చింది తిరిగి ఇయ్యొద్దా?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. అందరి ఇళ్ళలోనూ అదే నియమం. గురూజీ పైకప్పు వంక చూశారు. ఆ మాట తెచ్చిపెట్టింది ఆయనే. "నీ న్యాయం తప్పు కాదు బిడ్డా. లెక్క తప్పింది. రెండూ తప్పకుండ ఉండే బాట ఒకటి ఉండాలె. నాకైతే తెల్వదు. ఎతుకుదాం" అన్నారు. గురూజీ తెలియదు అనడం నేను విన్నది అదే మొదటిసారి. తెలియకపోవడంలో అవమానం లేదని ఆ గొంతులోనే ఉంది.

మర్నాడు ఆ జేబు చప్పుడు త్వరత్వరగా వచ్చింది. నేల మీద గింజలు పోసి పదేసి కుప్పలు పెట్టారు. "నిన్న తెచ్చిన పదిని వాడుకున్నది ఎవరు? కింది ముప్పై ఎనిమిది. తిన్నది కిందోడైతే తిరిగి ఇయ్యాల్సింది ఎవడు?"

"కిందోడే."

"మరి నువ్వు పైనోడి చేతుల పెట్టినవ్, కిందోడి దగ్గర గుంజుకోలే. ఇచ్చిన పది ఎక్కడ్నుంచి వచ్చింది? గాలిల నుంచా? ఐదును ముట్టకు, ఐదు ఐదే. కింది మూడు మీద ఒక పది బాకీ ఎక్కియ్యి. మూడు నాలుగైతది. ఐదుల నాలుగు పోతే?"

"ఒకటి." నేను కుప్పలు చూశాను. ఒక పది, విడిగా నాలుగు. పద్నాలుగు. బాకీ తీరింది, లెక్కా తేలింది. నాకు చక్కిలిగింత పెట్టినట్టు నవ్వొచ్చింది.

అది ప్రతిసారీ ఎందుకు నిలుస్తుందో కూడా ఆయనే చూపించారు. "నీకు పదేండ్లు, నాకు ముప్పై ఏడు. ఎంత తేడా?" ఇరవై ఏడు. "ఇంక పదేండ్లకు?" అప్పుడూ ఇరవై ఏడే. "ఇద్దరికీ ఒకటే కలిపితే తేడా కదలదు. పైన రెండుకు పది ఇచ్చినం, కింద మూడుకు పది ఎక్కిచ్చినం. అంతే." ఆ దారికి కన్నమ్మ బాట అని పేరుపెట్టారు. పుంజీల దారి భీమాది, ఇది నాది. మా బడిలో నడిచిన దారులకు మా పేర్లే ఉండేవి.

ఐదో తరగతికి అప్పుడు బోర్డు పరీక్ష. పాసైతే కోంటాలో ఆశ్రమశాల, ఆరో తరగతి. మా నాన్న అప్పటికే లేడు. నా తర్వాత ఇద్దరు చిన్నవాళ్ళు. "పాసైతే పో. ఫేలైతే నాతోటి ఆకుకు రా" అని అమ్మ ముందే చెప్పేసింది. తునికాకు కోసి కట్టలు కట్టే కాలం కూడా అదే. కోంటా బస్సు మా ఊరి పక్క నుంచి పోతుంటే దాని కిటికీలు లెక్కపెట్టి, ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో కూడా అనుకునేదాన్ని.

పరీక్షకు ముందు గురూజీ పుస్తకం దారిలో కూడా తీసివేతలు చేయించారు. చేశాను. చేతకాక కాదు. "గురూజీ, పరీక్షల ఏ బాట రాయాలె?" అని అడిగాను. గింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పారు. "ఏ బాట నీ కాలికి తెలుసో దాన్నే పో. ఊరు చేరుతవ్ గదా" అన్నారు.

నేను ఊరు చేరాను. తీసివేతలన్నిటికీ సరైన జవాబులే రాశాను. మాటల్లో ఇచ్చిన లెక్కలు మాత్రం హిందీ సగం అర్థం కాక వదిలేశాను. పాసు కావడానికి ముప్పై మూడు మార్కులు, మా మాటలో నంబర్లు, కావాలి. నాకు ఇరవై ఎనిమిది వచ్చాయి.

గురూజీ ఆ మాట నమ్మలేదు. బస్సెక్కి పోయి ఆఫీసులో అడిగి, ఇంకో ఆఫీసుకు పంపితే అక్కడా అడిగి, చివరికి నా పేపరు కళ్ళతో చూసి వచ్చారు. నేరుగా మా ఇంటికే వచ్చారు. అమ్మ వాకిట్లో ఆకు పరిచి ఉంది. జేబు చప్పుడు లేదు ఆ రోజు. బస్సు ప్రయాణానికని గింజలు ఇంట్లో పెట్టి వెళ్ళారేమో.

"జవాబులన్నీ సరే ఉన్నయ్ చెల్లె. తీసివేతలకు ఏడు నంబర్లు కోసిండ్రు. ఎందుకంటే, సాబ్ ఒకటే మాట అన్నడు. విధి గలత్ హై."

అమ్మ చేతిలో ఆకును పక్కన పెట్టింది. హిందీ ఆమెకు సంతలో సరిపడేంతే వచ్చు. కానీ ఈ మూడు మాటల్లో మొదటిది ఆమెకు బాగా తెలుసు. "అంతే గురూజీ. నేను ఎప్పటి నుంచో అనుకుంటున్న. దీని విధే అట్లుంది" అంది.

"అయ్యో, ఆ విధి కాదు చెల్లె! హిందీల విధి అంటే పద్ధతి. లెక్క చేసే తీరు తప్పని అన్నడు. తలరాత కాదు."

"తీరు తప్పైనా, రాత తప్పైనా, ఇంట్ల కూసునేది నా బిడ్డే గదా గురూజీ."

పెద్ద పెద్ద లెక్కలకు దారులు వెతికిన మనిషి మా వాకిట్లో దారి దొరకనట్టు నిలబడ్డారు. ఒక్క ఏడాది ఆగి మళ్ళీ రాయిద్దామని అడిగారు. అమ్మ చిన్నవాళ్ళిద్దరినీ చూపించింది, పరిచిన ఆకును చూపించింది. గురూజీ వెళ్ళేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "వాళ్ళ బాటనే రాయమని గట్టిగ చెప్పాల్సింది నేను" అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది. ఆ కోపం ఎవరి మీదో అప్పుడు తెలియలేదు.

బడి అలా ఆగింది. గురూజీ ఆగలేదు. వారం వారం సంతలో కూరగాయల బుట్టల మధ్య నన్ను వెతికి పట్టుకుని ఒక లెక్క ఇచ్చేవారు. కాగితం లేదు, నోటిమాటే. "నూరును ఎన్ని తీర్ల చేస్తవ్? వచ్చే సంతకు చెప్పు." వారమంతా ఆకు కడుతూ, ఇప్పపువ్వు ఏరుతూ నూరును విరిచేదాన్ని, అతికేదాన్ని. చెప్పాక ఆయన అడిగేది ఒకటే, ఎట్ల పోయినవ్? అలా భిన్నాలు నేర్చుకున్నాను, వడ్డీ నేర్చుకున్నాను, గుండ్రటి గాదెలో ఎన్ని గంపలు పడతాయో నేర్చుకున్నాను. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో చింతపండు తూకానికి, ఆకు కట్టల లెక్కకు నన్ను పిలుస్తారు. లెక్కలక్క అంటారు. అదంతా సంతలో చదివిన చదువే.

ప్రతి సంతలోనూ విడిపోయే ముందు ఒక మాట ఉండేది. "ఏమే, సర్కారు నీకు ఏడు నంబర్లు బాకీ. యాదున్నదా?" మొదట్లో నాకు ఏడుపొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. పెళ్ళయ్యాక నవ్వొచ్చేది. "వడ్డీ కూడ కట్టాలె గురూజీ" అనేదాన్ని. "సాదావడ్డీనా, చక్రవడ్డీనా?" అని ఆయన అక్కడే లెక్కకు కూర్చునేవారు.

ఆయన తప్పు చేశారా అని నేను చాలాసార్లు తూచి చూశాను. పుస్తకం దారిలోనే రాయమని ఒక్కమాట గట్టిగా చెప్పి ఉంటే నేను కోంటా వెళ్ళేదాన్ని. నర్సునో టీచర్నో అయి, ఈ వయసుకు నెల జీతం తీసుకునేదాన్ని. తక్కెడలో ఆ పళ్ళెం తేలిక కాదు. రెండో పళ్ళెంలో ఏముందో చూపించడం కష్టం. ఏ కొత్త లెక్క ఎదురైనా భయపడకపోవడం ఉంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పి వెతకడం మొదలుపెట్టడం ఉంది. ముల్లు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. అందరికీ ఒకే కొలత ఉండకూడదని నేననను. నేను తూకం మనిషిని, కిలో రాయి ఎవరికైనా కిలోయే ఉండాలి. కానీ సరుకు ఎవరి బుట్టలో వాళ్ళు తెచ్చుకోవచ్చు. బుట్ట అల్లిక వేరుగా ఉందని సంతలో ఎవరూ చింతపండు తిప్పి పంపరు.

ఊరు చెదిరిన కాలంలో గురూజీ నదికి అవతల కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు బాగాలేదని తెలిసి చూడటానికి వెళ్ళాను. మంచం మీద ఇంకా పొట్టిగా కనిపించారు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక మొదటి మాట, "వచ్చినయా?"

"ఇంక రాలే గురూజీ."

"మాఫ్ చెయ్యకు" అన్నారు. కూతురు నన్ను బయటికి పిలిచి, ఎవరైనా నాన్నకు డబ్బులు ఇవ్వాలా అని కంగారుగా అడిగింది. నేను చెప్పింది విని ఆమె నవ్వింది, ఆ తర్వాత గుమ్మం పట్టుకుని ఏడ్చింది. ఆ ఎండాకాలమే ఆయన పోయారు. మా ఇద్దరికీ మధ్య ఇరవై ఏడేళ్ళ తేడా ఎప్పటికీ కదలదని నేర్పినాయన. ఇప్పుడు అది ఏటా ఒకటి తగ్గుతోంది. ఆ లెక్క ఒక్కటే నాకు నచ్చదు.

మా ఊరికి మళ్ళీ బడి వచ్చింది. రేకుల గది ఒకటి, టీచరమ్మ ఒకతె. సుక్మా నుంచి వచ్చిన చిన్న వయసు పిల్ల. పక్కింటి జోగి మూడో తరగతి. సాయంత్రం మా అరుగు మీదికి పలక తెచ్చుకుంటుంది. దానికి నా దారి నేర్పలేదు. అడగడం మాత్రం అడుగుతాను. మొన్న ఒక తీసివేత చేసి చూపించింది. కింది అంకె దగ్గర నిలబడి మెట్లు ఎక్కినట్టు పైదాని దాకా లెక్కపెట్టుకుంటూ పోయింది. ఎవరి దగ్గరా ఏదీ తెచ్చుకోలేదు, ఎవరికీ ఏదీ ఇవ్వలేదు.

"ఎట్ల పోయినవ్ అని అడుగుతవ్ గానీ, మంచిగ పోయినవ్ అని ఎప్పుడూ అనవేంది పెద్దమ్మా?" అంది.

"మంచిగనే పోయినవ్" అన్నాను. అని, ఊరుకోలేకపోయాను. వారం రోజుల్లో దానికి బడిలో పరీక్ష. "చూడు బిడ్డా, పరీక్షల మాత్రం పుస్తకం బాటనే రాయి. నా మాట ఇను. గట్టిగ చెప్తున్న." గురూజీ చెప్పలేకపోయిన మాట నేను చెప్పాను. జోగి తల ఊపింది. ఆ తల ఊపు నాకు తెలుసు. ఆ వయసులో నేనూ అలాగే ఊపేదాన్ని.

పరీక్ష అయిన రెండో రోజు పేపరు పట్టుకుని పరిగెత్తి వచ్చింది. తీసివేత దాని దారిలోనే చేసి ఉంది, మెట్లు మెట్లుగా గీతలు గీసి మరీ. ఎర్ర సిరా కోసం వెతికాను. కొట్టివేత లేదు. లెక్క పక్కన రెండుకు రెండు వేసి ఉంది. దాని కింద టీచరమ్మ హిందీలో చిన్నగా రాసింది, కైసే కియా? ఎలా చేశావు?

"రేపు బోర్డు మీద అందరికీ చేసి చూపియ్యమన్నది మేడం. నేను సిగ్గు పడితే, భయం లేదు, నాకు కూడ ఈ బాట తెల్వదు, నేర్పు అన్నది" అంది జోగి. చెప్పి, నా మొహం చూసి, "పెద్దమ్మా, ఏమైంది? రెండుకు రెండు వచ్చినయ్ గదా" అంది.

వచ్చాయి. ఎవరి పేరు మీద వచ్చినా వచ్చినట్టే రాసుకున్నాను. మాఫ్ చెయ్యకు అన్నారే గానీ, ఒకేసారి వసూలు కావాలని ఆయన అనలేదు. ఏడులోంచి రెండు తీసివేయడానికి ఎవరి దగ్గరా బదులు తేనక్కర లేదు. ఇంకా రావలసినవి ఐదు.